లామినేషన్ కింద అరవై నాలుగు

మంగళవారం, రాత్రి

నా సీజీపీఏ 6.4. ఆటోనగర్ కంపెనీ వాళ్లు అరవై శాతం ఉంటేనే పిలుస్తామన్నారు. గాజువాకలో రెజ్యూమ్ టైప్ చేసిన నెట్ సెంటరాయన దాన్ని పదితో గుణించి అరవై నాలుగు శాతమని కొట్టేశాడు. నేనూ నోరు మూసుకున్నాను. మార్కుల మెమో వెనకున్న లెక్క ప్రకారం ముందు అర పాయింటు తీసేయాలి. అప్పుడు వచ్చేది యాభై తొమ్మిదే. ఒక్క శాతం తక్కువ.

మూడు రోజులు సరిగ్గా నిద్రపోలేదు. ఇంటర్వ్యూలో మెమో అడుగుతారు కదా. అందరి ముందు దొంగలా నిలబడటం కంటే మొదటే వద్దనిపించుకోవడం నయమనిపించింది. ఇవాళ సాయంత్రం మళ్లీ నెట్ సెంటర్‌కి వెళ్లి యాభై తొమ్మిదని మార్పించుకొచ్చాను.

ఇంటికొచ్చేసరికి నాన్న పోర్టు డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతున్నాడు. మహా హుషారుగా ఉన్నాడు.

"నీ కాయితం మా సూపర్‌వైజర్‌కి ఇచ్చీసినానమ్మా. ఆయన తమ్ముడు ఆ కంపెనీలోనే సేత్తన్నాడంట."

"ఏ కాగితం నాన్నా?"

"అదే, బల్ల మీదుందే, అది. నా సేతుల బొగ్గు మసి అంటీసుద్దని లామినేషన్ కూడా సేయించినాను. మా పాప ఫస్ట్ క్లాసని మరీమరీ సెప్పినాను."

కొత్త కాగితం బ్యాగులోంచి తీయనే లేదు. పక్క గదిలో నాన్న ఇప్పుడు అదే మాట ఫోన్లో మావయ్యకు చెబుతున్నాడు.

దొంగలా నిలబడాల్సి వస్తుందని భయపడ్డాను. ఇప్పుడు ఆ సూపర్‌వైజర్ ముందు అలా నిలబడేది నాన్న.