వంటింటికి పదహారు అడుగులు

తిరుపతి,
12-9-2002

నాయనకు,

నీ మహిత రాసేది. హాస్టల్లో నేను బాగానే ఉన్నాను. సాంబారు నీళ్ళలాగే ఉంది, అలవాటైపోయింది.

నిన్న నువ్వు మా కాలేజీకి వచ్చి చెప్పిన క్లాసు గురించే అందరూ మాట్లాడుకుంటున్నారు. "మీ నాయన ఎంత బాగా చెప్పినాడే! ఇంట్లో కూడా ఇట్లే మాట్లాడతాడా?" అని నా రూమ్మేటు రేవతి అడిగింది. అవునన్నాను. ఇంకేం చెప్పను?

మనిషికి మాట ఎందుకు కావాలో, నోటితో, రాతతో, సైగతో, చూపుతో ఒకరికొకరు ఎలా తెలియజేసుకుంటారో బోర్డు మీద గీసి మరీ చెప్పావు. చిత్తూరు ట్రైనింగ్ కాలేజీలో ఇరవై ఏళ్ళుగా చెప్తున్న పాఠం కదా, ఎక్కడా తడుముకోలేదు. ఆఖర్న పదిమందిని వరసగా కూర్చోబెట్టి ఒక వాక్యాన్ని ఒకరి చెవిలో ఒకరి చేత చెప్పిస్తూ పోయావు. పదో అమ్మాయి లేచి చెప్పింది విని హాలంతా నవ్వింది. "చూశారా, మధ్యలో మనుషులు పెరిగితే మాట చెడిపోతుంది. చెప్పదలిచింది ఎదురుగా నిలబడి చెప్పండి" అన్నావు. ఒకటే చప్పట్లు. ఆ వరసలో ఐదోదాన్ని నేను. నువ్వే వేలు చూపించి పిలిచావు. నాయనా, నీకు సిగ్గనిపించలేదా?

ఏడో తరగతి నుంచి నేను ఆ వరసలోనే కూర్చుని ఉన్నాను. ఒక పక్క నువ్వు, ఇంకో పక్క అమ్మ. పలమనేరులో అత్త గృహప్రవేశానికి మీ ప్రిన్సిపాల్ వచ్చినప్పుడు అమ్మ, "సారూ, యాడికి పోతా ఉండారు, ఈడ కూసోండి" అంది. అంతే. "నీకు మాట్లాడటం రాదు, నోరు మూసుకుని లోపలికి పో" అన్నావు, అందరి ముందరా. ఆరోజు మూసిన నోరు అమ్మ నీతో మళ్ళీ తెరవలేదు. నువ్వూ పలకరించలేదు.

"మీ అమ్మకు చెప్పు, చారులో ఉప్పు లేదు" అనేవాడివి. ముందు గది నుంచి వంటింటికి పదహారు అడుగులు. అవి నడిచి, "అమ్మా, చారు బాగుందంట, రవ్వంత ఉప్పు పడితే ఇంకా బాగుంటుందంట" అనేదాన్ని. "ఉప్పు డబ్బీ ఆడనే ఉండాది, చేతులు పడిపోయినాయేమో అడుగు" అనేది అమ్మ. నీ దగ్గరికొచ్చి, "అమ్మ ఉప్పు పంపించింది నాయనా" అనేదాన్ని. అట్లా నాలుగేళ్ళు మీ ఇద్దరి మాటలూ కడిగి తుడిచి అందించాను.

ఒక్క రోజు మాత్రం అందించలేదు. అది నీకు తెలియదు. నా టెన్త్ రిజల్ట్స్ వచ్చిన రోజు అమ్మ పాయసం చేసి, మూడు కంచాలు పక్కపక్కన పెట్టింది. "మీ నాయన్ని రమ్మను పాపా. ఇయ్యాల ముగ్గురం కూసోని తిందాం. నేనే పిలస్తా ఉండానని చెప్పు" అంది. ఆ మాట అనడానికి ఆమె ఎంత తంటాలు పడిందో నేను చూశాను. నీ దగ్గరికొచ్చాను. పేపర్ల మీద నుంచి తలెత్తకుండా "ఏమంటుంది?" అన్నావు. బాగా చదివావని ఒక్క మాట అంటావేమోనని నిలబడ్డాను. అనలేదు. నాకు ఒళ్ళు మండింది. ఈరోజు కూడా నేను మీ పోస్టుమ్యాన్‌నేనా అనిపించింది. "అన్నం అయిందంట" అని ఊరుకున్నాను. "ఇక్కడికే తెమ్మను" అన్నావు. అమ్మ నీ కంచం నా చేతికిచ్చి, తన కంచం గూట్లో పెట్టేసింది. ఆ తర్వాత నిన్ను పిలవనేలేదు.

మీ కాపురం ఆరోజు నేనే చెడగొట్టాను నాయనా. హాస్టల్లో చేరింది చదువు కోసం కాదు, అమ్మ మొహం చూడలేక. కొట్టాలనుకుంటే వచ్చి కొట్టు.

నీ కూతురు,
మహిత

చిత్తూరు,
18-9-2002

చిరంజీవి మహితకు నాయన ఆశీస్సులు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వేమీ చెడగొట్టలేదమ్మా. మన వంటింటికి తలుపు కూడా లేదు. మీ అమ్మ అన్న ప్రతి మాటా నాకు వినపడేది. నువ్వు మార్చి చెప్పేదీ వినపడేది. ఆమెకూ అంతే. ఆరోజు ఆమె పిలిచిందీ విన్నాను. నువ్వొచ్చి చెప్తే లేద్దామనే కూర్చున్నాను. నువ్వు చెప్పలేదు. నా అంతట నేను లేచి పోతే ఓడిపోయినట్టవుతుందనుకున్నాను. ఊళ్ళో పిల్లలందరికీ పాఠం చెప్పే నాకు ఆ పదహారు అడుగులు వెయ్యడం చేతకాలేదు.

పలమనేరులో నేనన్నది తప్పు. దసరా సెలవులకు వచ్చినప్పుడు ఈ సంగతి నువ్వే మీ అమ్మకు నిదానంగా చెప్పు. నీ నోటితో అయితే వింటుంది.

మీ నాయన,
హేమచంద్ర

తిరుపతి,
23-9-2002

నాయనా,

అయితే నేను మోసినవన్నీ మీరిద్దరూ ముందే విన్నవేనా! పన్నెండేళ్ళ పిల్ల మీ మధ్య నిలబడి అబద్ధాలు వెతుక్కుంటుంటే, ఇద్దరూ వింటూ అన్నం తిన్నారా? నేను మీ ఇల్లు నిలబెడుతున్నాననుకున్నానే, ఎంత పిచ్చిదాన్ని!

దసరాకు రావడం లేదు. రేవతి వాళ్ళతో శ్రీకాళహస్తికి పోతున్నాను. నీ ఉత్తరం ఈ కవర్లోనే పెట్టి తిప్పి పంపిస్తున్నాను. అది నాకు చెప్పాల్సిన మాట కాదు. అమ్మకు చదవడం రాదు, కాబట్టి నోటితోనే చెప్పాలి. ఈ కవరు నీ చేతికి అందే వేళకు ఆమె వంటింట్లోనే ఉంటుంది. ఏమని పిలవాలో మరిచిపోయి ఉంటే, పేరు చంద్రకాంతమ్మ.

లేచి నడువు.

మహిత