కిటికీలు తెరిచే క్రియ

శ్రీవారికి మీ ఆవిడ నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. అక్కడ మీరూ, చంటిదీ, దగ్గుతో సహా మామయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

సూపర్‌వైజర్ పోస్టు వచ్చిందా, రెండు గదుల క్వార్టర్సు ఎప్పుడిస్తారు, మేం ఎప్పుడు బయల్దేరాలి అని ఒకే ఉత్తరంలో మూడుసార్లు అడిగారు. చెప్తాను, కంగారుపడకండి.

మా కుట్టు ఫ్యాక్టరీని కొన్నవాళ్లది స్పానిష్ భాష అని రాశాను కదా. ఆ భాష వస్తేనే పోస్టు అన్నారు. నేర్పడానికో మాస్టారు. పాఠం చెప్పేదానికన్నా టై సర్దుకునేదే ఎక్కువ. ఆయన మూడు వారాలు సాగదీసింది నేను ఒక్క పూటలో పట్టేశాను. అబ్రిర్ అంటే తెరవడం. 'వీలుంటే తెరిచేదాన్ని' అనాలనుకోండి. చాలా చోట్ల ఆ మాట చివరున్న 'ఇర్' అనే తోక కత్తిరించి కొత్త ముక్క అతకాలి. ఇక్కడ మాత్రం కత్తెర పెట్టకూడదు, మాటను నిండుగా ఉంచి చివర అతకాలి. అబ్రిరీయా, అబ్రిరీయాస్, అబ్రిరీయా, అబ్రిరీయామోస్, అబ్రిరీయాయిస్, అబ్రిరీయాన్. అంతే! పదిహేనేళ్లుగా గుడ్డ కత్తిరిస్తున్నదాన్ని, కత్తెర ఎక్కడ పెట్టకూడదో నాకొకరు చెప్పాలా?

మిగిలినవాళ్ల సంగతి చెప్పుకోవడం దండగ. ఇస్త్రీ ఆయన క్లాసులో గురకపెడతాడు. గుండీలు కుట్టే మనిషి ఒకతి ఉంది, అందరం గుండీ అనే పిలుస్తాం. సంతకమే వంకరటింకర, దాని మొహానికి స్పానిష్ ఒకటి! భోజనాల గంటలో నా బల్ల దగ్గరికొచ్చి, "అక్కా, ఆ తోక కత్తిరించాలా, ఉంచాలా?" అని అడిగింది. ఏదో చెప్పి పంపేశాను.

ఇంటర్వ్యూలో మేనేజరమ్మ స్పానిష్‌లో ఒక్కటే అడిగింది, ఈ హాలు నీ చేతిలో ఉంటే ఏం చేస్తావు అని. అబ్రిర్ ఆరు రూపాలూ గడగడా అప్పజెప్పాను. "బాగుంది. మరి ఏం చేస్తావు?" అంది. మళ్లీ అప్పజెప్పాను. నవ్వకండి. నాకింకేం తోచలేదండీ. పదిహేనేళ్లలో ఆ హాలుకి ఏం కావాలో ఒక్కసారైనా ఆలోచించిన పాపాన పోలేదు.

తర్వాత గుండీ వెళ్లింది. నోరు తెరిస్తే తప్పే. కానీ కిటికీలు తెరుస్తానంది, దారం దుమ్ముకి అందరూ దగ్గుతున్నారంది, గుండీలు కుట్టేవాళ్ల కళ్లు పోతున్నాయి, లైట్లు కిందికి దించుతానంది. మేనేజరమ్మ ఒక్కో మాటా దిద్దుతూ "ఇంకా?" అని అడుగుతూనే ఉంది. పోస్టు దానికే ఇచ్చారు.

ఇప్పుడు మీకు చెప్పకుండా దాచింది చెప్తాను. ఆ రోజు తోక కత్తిరించమన్నాను. తెలిసే అన్నాను. అది తప్పు మాట్లాడితే పోస్టు నాదేనని, మీరంతా వచ్చేస్తారని. ఛీ, రాస్తుంటేనే నా మీద నాకు రోతగా ఉంది.

నిన్న గుండీ మళ్లీ నా బల్ల దగ్గరికొచ్చింది. "అక్కా, మీరు నేర్పబట్టే నోరు తెరవగలిగాను. ఒంటిదాన్ని, నాకు రెండు గదులెందుకు? ఒకటి మీరు తీసుకోండి. బావగారినీ పాపనీ రమ్మనండి" అంది. దుమ్ము పడిందని కళ్లు తుడుచుకున్నాను. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, దుమ్మెక్కడిది?

కాబట్టి గది ఉంది. కానీ రేపు ఆవిడకి నిజం చెప్తాను. విన్నాక కూడా రమ్మంటేనే మిమ్మల్ని రమ్మంటాను. అందాకా సామాను సర్దకండి. చంటిదానికి ఏమీ చెప్పకండి.

ఇట్లు,
ఆరు రూపాలూ తప్పు లేకుండా వచ్చిన
మీ ఆవిడ