మొండిరెక్కకు నేర్పిన పిలుపు

తమాన్‌జిన్ రేవు, ఐరావతి ఒడ్డు.
తబౌంగ్ పౌర్ణమి మర్నాడు.

తమ్ముడు చిట్ మౌంగ్‌కు,

ఒంట్లో ఎలా ఉంది? మాండలే వెళ్లాకైనా ఆ దగ్గు తగ్గిందా? మోకాళ్లు తప్ప నేను బాగానే ఉన్నాను. నీకిష్టమని చేపల పచ్చడి జాడీ ఒకటి లాంచీ మనిషికిచ్చి పంపాను.

నువ్వు అడిగావు, రాయక తప్పదు. మన డాల్ఫిన్ మొండిరెక్క పోయిన మాట నిజమే. ఇసుకమేట దగ్గర తేలింది. ఒంటి మీద గాయం లేదు. చేపల కోసం నీళ్లలోకి దించే బ్యాటరీ తీగల కరెంటే చంపింది. కడుపులో పిల్ల ఉంది. మేట మీదే పూడ్చాం. మన ఏటి మలుపులో ఇక ఒక్క డాల్ఫినూ లేదు.

ఇరవై ఏళ్లు. మనం పడవ అంచున కర్రతో తడితే వచ్చేది. చేపల్ని మన మీదికి తోలి, ఇక వల విసరండని తోక ఎత్తేది. నీ భార్య అనేది గుర్తుందా? "నేను పిలిస్తే పలకడు గాని, ఆ తోక లేస్తే చాలు, మా ఆయన లేస్తాడు" అని. నిన్న ఒక్కణ్ణే వల వేశాను. రెండు చిన్న జెల్లలు పడ్డాయి.

ఆ బ్యాటరీ పడవ నీ కొడుకు నే లిన్‌దని రేవంతటికీ తెలుసు. వాణ్ణి గడప తొక్కనివ్వనని, నీ చావుకు కూడా రానక్కర్లేదని రాశావు. వాడు నా పడవలోనే పడుకుంటున్నాడు. పెడితే తింటాడు, మాట్లాడడు. బ్యాటరీ తీసుకెళ్లి మఠంలో పెద్ద స్వామి ముందు పెట్టేశాడు. తప్పు చేశాడు, కాదనను. అయినా ఇంటికి రానియ్యి.

ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

నీ అన్న,
ఓన్ పే

తా.క. అంటించిన కవరు మళ్లీ విప్పాను. ఆ పొద్దున నేనూ నీళ్ల మీద ఉన్నాను. మొండిరెక్క అవతలి ఒడ్డున ఉంది, నే లిన్‌కు కనబడలేదు. నాకూ దానికీ మధ్యలో వాడి పడవ. తీగలు అప్పటికే దించాడు. కేకేస్తే వాడు ఆపేవాడే. చిన్నప్పట్నుంచీ నాకు గొంతెత్తి కేకెయ్యడం రాదు, నీకు తెలుసు. భయమేసి, దాన్ని నా దగ్గరకు తెచ్చుకుందామని కర్రతో తట్టాను. పొమ్మని చెప్పడం మనం దానికి ఎప్పుడూ నేర్పలేదు కదా, తమ్ముడూ. రమ్మనడమే నేర్పాం. తిన్నగా తీగల మీదుగా వచ్చింది.

నే లిన్ నా కర్ర చప్పుడు విన్నాడు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.