క్లెరికల్ అంటే ఎవరి తప్పు

కోదాడ, జూలై 6

ప్రియమైన భాస్కరన్నకు,

ఫోన్ చేస్తే పక్కగదిలో మా ఆయనకు వినబడుతుందని రాస్తున్నాను. మన సంఘంలోని సాలి కూతురు అనూష పెళ్లి మీ బావే పాస్టరుగా మన చర్చిలో చేశారు కదా, సర్టిఫికెట్‌లో ఆమె పేరుకు బదులు అక్క నీరజ పేరు పడింది. అత్తగారింట్లో ఎత్తిపొడుపులు పడలేక పిల్ల పుట్టింటికొచ్చి కూర్చుంది. సూర్యాపేటలోని చర్చిల ఆఫీసుకు రాస్తే 'క్లెరికల్ ఎర్రర్, ఇది పెరోకియల్ విషయం, అక్కడే సరిచేసుకోండి' అని జవాబిచ్చారు.

సంఘపెద్ద గౌరయ్య ఫోన్‌లో డిక్షనరీ తీశాడు. "క్లెరికల్ అంటే మతగురువుది. పాస్టరు తప్పేనని ఆఫీసోళ్లే రాసిన్రు. పైగా పెరోకియల్ అంటే మనయి సంకుచిత బుద్ధులంట" అని నాలుగు వారాలుగా అందరికీ చెబుతున్నాడు. మీ బావ నోరు విప్పరు. నాకు విసుగొచ్చింది. నువ్వు ఇంగ్లీషు లెక్చరర్‌వి, జర వివరంగా రాయి.

నీ చెల్లె దేవిక

మిర్యాలగూడ, జూలై 10

ప్రియమైన దేవికకు,

ఆ డిక్షనరీని కాలవలో పారేయమను. గ్రీకులో 'వాటా' అనే మాట నుంచి వచ్చింది క్లెరికల్. దేవుని వాటాగా వేరుపడ్డవాళ్లని చర్చి గురువులకు ఆ పేరు. పాతకాలం ఐరోపాలో చదువు, రాత ఎక్కువగా వాళ్లకే వచ్చు. అందుకే రాతపని చేసేవాడు క్లర్కయ్యాడు. క్లెరికల్ ఎర్రర్ అంటే గుమాస్తా రాతలో పొరపాటు, అంతే. పెరోకియల్ అంటే ఒక చర్చి పరిధికి చెందినది. ఆ పరిధి దాటి చూడని బుద్ధికి కూడా తర్వాత అదే మాట అంటుకుంది. ఆఫీసువాళ్లు 'పాస్టోరల్' అని రాయలేదు, బతికిపోయాం. అది గొర్రెలకాపరి మాట, గొర్రెలేవని గౌరయ్య అడిగేవాడు.

ఈ ఉత్తరం ఆదివారం చర్చిలో అందరిముందు చదువు.

మీ అన్న భాస్కర్

కోదాడ, జూలై 14

అన్నా,

చదివాను. గౌరయ్య తలవంచుకున్నాడు. అప్పుడు మీ బావ లేచి నిలబడ్డారు.

"గుమాస్తాది కాదు. అక్క నీరజ పెళ్లి గూడ చేసింది నేనే, ఆ పేరే నోట్లో ఉండి రిజిస్టర్‌లో రాసిన. ఆఫీసోళ్లకు నిజం చెప్తే, నా పరువు పోవద్దని గట్ల రాసిచ్చిన్రు. ఒప్పుకునే ధైర్యం లేక ఊకున్న."

ఇన్నాళ్లూ ఆయన కోసం అందరితో కొట్లాడింది నేను. ఒక్కమాట నాతోనైనా చెప్పొచ్చు కదా?

ఇవాళ ఆయన మన చర్చి రిజిస్టర్ దిద్ది, సూర్యాపేట ఆఫీసులో చూపించి, కొత్త సర్టిఫికెట్ తీసుకుని, అనూషను తోడుకుని హుజూర్‌నగర్‌లో ఆమె అత్తగారింటికి బయలుదేరారు. "నువ్వూ వస్తవా?" అని నన్నడిగారు. చెప్పులు వేసుకున్నాను. అక్కడ ఆయన ఆమె అత్తగారికి చేతులు జోడించారు. అనూష తన పేరు రెండుసార్లు చదువుకుని, లోపలికెళ్లి మాకు టీ పెట్టింది.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్క సీటు నాకిచ్చారు. కూర్చున్నాను గానీ, ఇంకా మాట్లాడలేదు.

దేవిక