చేను... అమ్మకు

ఫిబ్రవరి 8, ఆదివారం

మధ్యాహ్నం దెయ్యం సినిమా. రెండు గంటలు చూశాక కూడా పేరు గుర్తులేదు. ఆ దెయ్యం ఎవరి మీద పగబట్టిందో, ఎందుకు పగబట్టిందో... ఏమీ అర్థం కాలేదు. పద్మను అడిగితే, "మొదటి అరగంట మీరు నిద్రపోయారండీ" అంది. నేను నిద్రపోలేదు. కళ్ళు మూసుకుని చూశాను. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ తేడా ఆవిడకు తెలియదు.

అమ్మకు మాత్రం అంతా అర్థమైంది. "దెయ్యానిదేం తప్పు లేదురా శీనా. బతికున్నన్నాళ్ళూ దాని మాట ఒక్కళ్ళన్నా విన్నారా?"

అని నా వైపు చూసింది. సినిమా గురించే అన్నదా?

ఫిబ్రవరి 9

పత్తి మిల్లులో గింజ తీసే జిన్నులు రెండు ఆగిపోయాయి. ఫిట్టర్ని నేనొక్కణ్ణే. చెవుల్లో హోరు. టీవీ పెట్టలేదు.

ఫిబ్రవరి 11

వంటల ప్రోగ్రాం. ఎవరో ఒకావిడ గోంగూర పచ్చట్లో చక్కెర వేసింది, "రుచి బ్యాలెన్స్ అవుతుంది" అంటూ. అమ్మ లేచి టీవీ కట్టేసింది. ఇన్నేళ్ళలో నేను చూసిన అన్నిటికంటే గట్టి రివ్యూ ఇదే.

పర్చూరు నుంచి కోటేశ్వరరావు బాబాయి ఫోను. మన చేను పక్క చేను ఆయనది. "ఏరా, మీ అమ్మేమో అమ్ముదామంటది, నువ్వేమో మీ నాన్న మాట అంటావు. మార్చి రెండో ఆదివారం లోపల తేల్చు. లేదంటే నేను ఇంకో చేను చూసుకుంటా" అన్నాడు.

అమ్మ కోరిక పెద్దదేమీ కాదు. ఒంగోల్లో పిన్ని ఇంటి వెనక పోర్షను కొనుక్కుంటుందట. "నాకంటూ ఒక గుమ్మం ఉండాలిరా" అంటుంది. ఇక్కడ ఏం తక్కువైందని అడిగాను. "తక్కువేం కాలేదు" అంది. మరి ఎందుకు? నాకు అర్థం కాదు. దెయ్యం సినిమాయే నయం.

నాన్న పోయేముందు వద్దన్నాడు. మూడేళ్ళుగా ఈ ఒక్క ముక్క పట్టుకునే నేను నెగ్గుకొస్తున్నాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

కొత్త సిరీస్ మొదలుపెట్టాం. ఎనిమిది భాగాలు. అన్నదమ్ములు, పొలం, కోర్టు. మిరపచేను అని చూపించారు. కెమెరా దగ్గరికి వెళ్ళగానే అమ్మ, "కాయలు ఆకాశంకేసి కాశాయేందిరా" అంది. నిజమే, ఎవరో గుచ్చినట్టు అన్నీ పైకే ఉన్నాయి. ప్లాస్టిక్‌వి అయ్యుంటాయి. అందులో ఒక్కడికీ తుమ్ము రాదు, కళ్ళు మండవు. తెల్ల చొక్కాతో చేలో దిగిన హీరో తెల్ల చొక్కాతోనే గట్టెక్కాడు.

రెండో భాగం చివర్లో తండ్రి చనిపోతాడు. పెద్దకొడుకు చెయ్యి పట్టుకుని, "పొలం... అమ్మకు..." అని తల వాలుస్తాడు.

నేను: "అమ్మొద్దంటున్నాడు."

అమ్మ: "కాదు. తల్లికి ఇమ్మంటున్నాడు."

వెనక్కి తిప్పాం. మళ్ళీ చచ్చిపోయాడు. మళ్ళీ తిప్పాం. నాలుగుసార్లు చచ్చిపోయాడు పాపం. నాలుగుసార్లూ అటూ ఇటూ కాకుండానే అన్నాడు. పద్మ కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చేట్టు పెట్టి, "అమ్మొద్దు అనే వేశారు అత్తయ్యా" అంది.

"అది వేసినోడిది ఏ ఊరంట? వద్దనేవాడైతే 'అమ్మమాక' అంటాడు. మనోళ్ళెవరన్నా 'అమ్మకు' అంటారా? 'పోకు, రాకు' అని ఎవరన్నా అంటారా మనింట్లో? పోమాక, రామాక అంటాం గాని."

పద్మ నవ్వింది. అమ్మా నవ్వింది. నేనూ నవ్వాననుకుంటా.

ఫిబ్రవరి 16

ఒక స్పానరు రెండుసార్లు చేజారింది. మేస్త్రీ "ఏంటి సార్, ఒంట్లో బాలేదా" అన్నాడు.

ఒంట్లో బాగానే ఉంది.

ఇది ఎక్కడో ఒకచోట రాసుకోవాలి. నాన్న పోయిన రోజు గుంటూరు ఆస్పత్రిలో ఆయన దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. షిఫ్టు మధ్యలో కబురొస్తే మిల్లు నుంచి అటే వెళ్ళిపోయాను. చొక్కా నిండా దూది. అమ్మ వేడినీళ్ళ కోసం ఫ్లాస్కు పట్టుకుని కిందికి వెళ్ళింది. నాన్న కళ్ళు తెరిచి నన్ను చూసి, "చేను..." అన్నాడు. చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. "అమ్మకు..." అన్నాడు. అంతే.

అమ్మ ఫ్లాస్కుతో వచ్చింది. "ఏమన్నాడురా?" అని అడిగింది. "చేను అమ్మొద్దన్నాడమ్మా" అన్నాను.

అందరికీ అదే చెప్పాను. కర్మకాండ రోజున పిన్నికి, బాబాయికి, పద్మకు... నాన్న అన్న రెండు మాటలు ఆయన అన్నట్టుగా ఒక్కరికీ చెప్పలేదు. దాచాలని కాదు. అర్థం చెబితే మాట చెప్పినట్టే అనుకున్నాను.

ఫిబ్రవరి 17

నాన్న ఏనాడైనా "-కు" అన్నాడా? ఎండలో తిరగమాక. బండి అట్టా తోలమాక. మందు కొట్టిన చేతుల్తో కళ్ళు తుడుచుకోమాక. బువ్వ పారబోయమాక. పొద్దున్నుంచీ గుర్తు చేసుకుంటున్నాను. అన్నీ మాకలే.

అంటే అమ్మొద్దని కాదా? చేను అమ్మకు ఇవ్వమన్నాడా? మూడేళ్ళుగా ఆవిడ చేనును ఆవిడకే ఇవ్వకుండా నేను కావలి కాస్తున్నానా?

ఫిబ్రవరి 19

మూడో భాగం. కోర్టులో తీర్పు చదువుతుంటే హీరోకి మంచు కొండల్లో పాట. ఎవరు అడిగారు? ఆ అన్నదమ్ములు ఒక్కసారైనా తల్లిని "నీకేం కావాలమ్మా" అని అడగరేం? ఆవిడ మూడు భాగాల నుంచీ వంటింట్లో కాఫీ కలుపుతూనే ఉంది. ఇంత మంచి నటికి ఒక్క డైలాగు లేదు.

రాసిన తర్వాత చదువుకున్నాను. నేనైనా అడిగానా? అడిగాను. "ఇక్కడ ఏం తక్కువైంది" అని అడిగాను. అది అడగడం కాదు.

ఫిబ్రవరి 20

ఇంకో చిక్కు. పొద్దున్న బ్రష్ చేసుకుంటుంటే తట్టింది.

నాకు పదేళ్ళప్పుడు నాన్న నన్ను స్కూలు ఎగ్గొట్టించి పర్చూర్లో మ్యాట్నీకి తీసుకెళ్ళేవాడు. బెంచీ టికెట్టు, ఇంటర్వెల్లో మిరపకాయ బజ్జీ. సైకిలు మీద తిరిగొస్తూ ప్రతిసారీ ఒకటే మాట: "మీ అమ్మకి చెప్పమాక."

మీ అమ్మకి. చెప్పమాక.

రెండూ ఇందులోనే ఉన్నాయి. వద్దనడానికి ఆయన మాట "మాక". అమ్మ అనడానికి ఆయన మాట "మీ అమ్మకి". "అమ్మకు" రెంటిలోనూ లేదు. వద్దన్నట్టూ కాదు, ఇవ్వమన్నట్టూ కాదు. మరి నేను విన్నదేమిటి?

నాన్నా, పోయేముందు ఆ ఒక్కసారికీ పుస్తకాల భాష ఎందుకు మాట్లాడావు?

ఫిబ్రవరి 22, ఆదివారం

నాలుగు, ఐదు భాగాలు. తమ్ముడు దొంగసాక్ష్యం తెస్తాడు. బాగుంది. ఐదో దాంట్లో లాయరమ్మ బాగా చేసింది. "చనిపోయిన మనిషి మాటకి విన్న మనిషే సాక్షి. ఆ సాక్షికి ఏం కావాలో ముందు చూడండి" అంటుంది. అమ్మ పల్లీలు ఒలుస్తూ, "ఈ పిల్ల మాటకారి" అంది.



ఆ సాక్షికి ఏం కావాలి? ఆ చేను కావాలి. ఆ చేలో నేను మిరపతోట వేసేది లేదు, పత్తి వేసేది లేదు, అంతా కౌలుకే. అయినా పర్చూరు వెళ్ళినప్పుడు ఆ గట్టు మీద నిలబడితే నాన్న కొడుకునని అనిపిస్తుంది. ఇక్కడ చిలకలూరిపేట మిల్లులో నేను ఒట్టి ఫిట్టర్ని. ఇదీ నిజం. నాకు కావలసిందే నాకు వినపడిందేమో.

ఫిబ్రవరి 25

డైరీ వెనక్కి తిప్పాను. ఎనిమిదో తారీఖున "అమ్మకు మాత్రం అంతా అర్థమైంది" అని రాశాను. నోటితో ఎప్పుడూ "అమ్మకి" అంటాను. రాసేటప్పుడు "అమ్మకు". ఎవరు నేర్పారు? బడి. నాన్న బడికి వెళ్ళలేదు. సంతకం కూడా నేనే నేర్పాను.

అంటే ఆయన అన్నదాన్ని నా చెవి సరిదిద్దుకుందా? ఆయన "అమ్మకి" అంటే నేను "అమ్మకు" అని విన్నానా? "అమ్మమాక"లో మధ్య ముక్క ఊపిరిలో కలిసిపోయిందా?

క్విజ్ ప్రోగ్రాం వచ్చింది. నాలుగు ఆప్షన్లు ఇస్తారు, ఒక ఫోను కూడా చేసుకోనిస్తారు. అదృష్టవంతులు.

మార్చి 1, ఆదివారం

పద్మతో హాల్లో సినిమా. పెద్ద హీరో. సౌండు ఎంతంటే సీటు ఊగింది. హీరో ముప్పై మందిని కొట్టాడు, ఒక్కడి పేరూ తెలియలేదు. హీరోయిన్ చదువుకున్న పిల్లట, రెండు పాటల మధ్య తెలిసింది. ఇంటర్వెల్ తర్వాత నాకు మాటలన్నీ గుడగుడమని వినిపించాయి. పద్మను మూడుసార్లు అడిగాను, "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని. "మీ చెవులు చూపించుకోండి ముందు" అంది.

బయటికొచ్చి చెరుకురసం బండి దగ్గర ఆవిడకు అంతా చెప్పాను. నాన్న అన్న రెండు మాటలూ అన్నట్టే చెప్పాను. గ్లాసు బండి మీద పెట్టేసింది.

"మూడేళ్ళు నాకు కూడా చెప్పలేదా మీరు?"

"చెప్పానుగా."

"మీరు చెప్పింది మీ మాట. మావయ్యగారిది కాదు."

తర్వాత, "అత్తయ్యకి చెప్పండి" అంది. చెబితే ఏమవుతుంది? "చెబితే ఆవిడకి తెలుస్తుంది" అంది. ఇంత తేలిగ్గా ఎలా అంటారో ఈ ఆడవాళ్ళు.

పద్మకు కూడా చెప్పనిది ఒకటుంది. ఇక్కడ రాస్తాను. మిల్లులో మోతకు అందరం చెవుల్లో దూది పెట్టుకుంటాం. నాన్న పోయిన ఆ సాయంత్రం అంతా అయిపోయాక బోరు దగ్గర స్నానం చేస్తుంటే నా ఎడమ చెవిలోంచి దూది ఊడి నీళ్ళలో పడింది. ఆస్పత్రిలో నాన్న మంచం ఆ పక్కనే ఉంది. ఎడమ పక్కన.

మార్చి 4

కళ్ళాల్లో మిరపకాయ ఎండుతోంది. గాలికి ఊరంతా దగ్గు. ఆరో భాగం, ఏడో భాగం. ఏమీ రాయబుద్ధి కావడం లేదు. ఎనిమిదో దాంట్లో తేలుస్తారు. ఆ తండ్రి ఏమన్నాడో ఎవరో ఒకరు తేల్చాలిగా. వాళ్ళు తేలిస్తే నేనూ...

సిగ్గుగా ఉంది. నా తండ్రి మాటకు అర్థం కోసం ఎవరో రాసిన సిరీస్ వంక చూస్తున్నాను.

మార్చి 7, శనివారం

ఎనిమిదో భాగం. తేల్చలేదు. పొలంలో అస్థిపంజరం దొరికింది. ఎవరిదో చెప్పరు. రెండో సీజన్‌ ఉందట.

అమ్మ తిట్టిన తిట్లు రాయలేను. "ఇన్నాళ్ళు కూర్చోబెట్టి, ఆ ముసలాయన ఏమన్నాడో చెప్పకుండా పోతారా? వీళ్ళ ఇల్లు బంగారం గాను! ఆ తల్లి సంగతేంది మరి?"

నా నోటి దాకా వచ్చింది. మంచినీళ్ళు తాగాను.

మార్చి 8, ఆదివారం

చెప్పాను.

పొద్దున్న పది అయ్యుంటుంది. అమ్మ పాత సినిమా చూస్తోంది. ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాను. ఆస్పత్రి, ఫ్లాస్కు, చేను, అమ్మకు. దూది సంగతి కూడా. మ్యాట్నీల సంగతి కూడా, ఎందుకో. "బజ్జీ వాసన తెలవదనుకున్నారా తండ్రీ కొడుకులు" అంది. అంతవరకూ మామూలుగానే ఉంది.

తర్వాత అడిగింది. "మీ నాన్న ఎట్టా అన్నాడో అట్టాగే అనరా."

అన్నాను.

"ఇంకోసారి."

అన్నాను.

"మధ్యలో ఆగాడన్నావుగా. ఎంతసేపు ఆగాడో అంతసేపు ఆగి అను."

ఆగి అన్నాను. ఇంకోసారి అంది. మొన్న రిమోటుతో తిప్పినట్టు నన్ను వెనక్కి తిప్పింది. నాలుగోసారికి నేనంటున్నది నాన్న మాటో, ఆ సిరీస్ వాడి మాటో నాకే తెలియలేదు. ఏడ్చాను. యాభై ఏళ్ళకు దగ్గరవుతున్నాను, అమ్మ ముందు అలా ఏడ్చాను.

"మాక అని మాత్రం అనలేదుగా?"

"నాకు వినపడలేదమ్మా."

"మీ అమ్మకి అనీ అనలేదు."

"లేదు."

టీవీ వంక చూస్తూ అంది. "ఆఖరి నెలంతా నెప్పొస్తే చాలు, అమ్మా అమ్మా అని అరిచేవాడు. ఆయన్ని కన్నతల్లి పోయి ఎన్నేళ్ళయింది? పలికేదాన్ని నేనేగా."

ఇప్పుడు మూడు అర్థాలయ్యాయి. నాన్న చేను వద్దన్నాడా, ఇమ్మన్నాడా, చేను సంగతి మధ్యలోనే వదిలేసి నెప్పికి అమ్మను పిలిచాడా...

"నీకేం కావాలమ్మా?" అని అడిగాను. ఈసారి సరిగ్గానే అడిగాను. జవాబు చెప్పేలోపు నా ఫోను మోగింది. కోటేశ్వరరావు బాబాయి. ఈ రోజుతో గడువు. టీవీలో ఏదో పెళ్ళి, బాజాలు. అమ్మ ఫోను వంక చూసి ఏదో అంది. "ఎత్తు" అందో, "ఎత్తమాక" అందో... ఆవిడ నా ఎడమ పక్కన కూర్చుంది. నాకు సరిగా వినపడలేదు. ఏమన్నావమ్మా అని అడిగేలోపు ఫోను ఆగిపోయింది, అమ్మ లేచి లోపలికి వెళ్ళింది.

లోపల జడ వేసుకుంటోంది. పద్మ ఉల్లిపాయలు తరుగుతోంది. నేను ఇది రాస్తున్నాను. టీవీ కట్టేశాను. ఇంట్లో ఇప్పుడు ఏ మోతా లేదు.

ఫోను మళ్ళీ మోగుతోంది.