రెండు కళ్ల పాఠం

9 ఏప్రిల్ 2003, బుధవారం

యజ్ఞనారాయణ గారు పొద్దున్నే రెండు పుస్తకాలు నా టేబుల్ మీద పెట్టి, చదివి ఏది బాగుందో చెప్పమ్మా అని వెళ్లిపోయారు. జూలైలో ఫైనల్ ఇయర్ వాళ్లకి త్రీడీ గ్రాఫిక్స్ ఎలక్టివ్ మొదలవుతుంది. పాఠం చెప్పేది నేను. టెక్స్ట్‌బుక్ ఏదో ఖాయం చేసేది ఆయన, హెచ్ఓడీ కాబట్టి.

ఒకదానికి ఎర్ర అట్ట. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మాట్రిక్సులే. రెండోదానికి నీలం అట్ట. మధ్యలో నున్నటి కాగితం మీద రంగుల బొమ్మలు. గాజు గ్లాసు, అందులో నీళ్లు, బల్ల మీద పడ్డ దాని నీడ. అది ఫొటో కాదు. కంప్యూటర్ లెక్కలు వేసి గీసింది. కాలేజీ బస్సు మేడ్చల్ దాటి కొంపల్లి చేరేదాకా ఆ గ్లాసునే చూస్తూ కూర్చున్నాను.

13 ఏప్రిల్, ఆదివారం

నీలం పుస్తకం ఇలా మొదలవుతుంది: మనకు రెండు కళ్లున్నాయి కాబట్టే లోకంలో లోతు కనిపిస్తుంది. ఒకే వస్తువును ఒక్కో కన్ను కొంచెం వేరుగా చూస్తుంది. ఆ తేడాలోంచి మెదడు దూరాన్ని కనిపెడుతుంది.

పెన్సిల్‌తో గీత గీశాను. పాఠమంటే ఇలా మొదలవ్వాలి. మా స్టూడెంట్స్‌లో సగం మంది తూప్రాన్, గజ్వేల్ వైపు నుంచి వస్తారు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మొదటి రోజే మాట్రిక్స్ చూపిస్తే రెండో రోజు క్లాసుకి రారు.

నేను చదువుకుంటుంటే మా పాప అమూల్య వరండాలో సత్యమ్మతో బంతాట. సత్యమ్మ రోజూ మేడ్చల్ నుంచి వస్తుంది, దీనికి ఏడాది నిండినప్పటి నుంచి ఆమే చూసుకుంటోంది. ఇవాళ సెలవైనా ఇద్దరికీ ఒకరు లేకపోతే ఒకరికి తోచదు. బంతి వస్తుంటే ఇది తల ఓ పక్కకి వాల్చి చూస్తుంది, ఈ మధ్యే కొత్తగా. అయినా పట్టుకోలేక వదిలేస్తుంది. "షోకులెక్కువైనయ్ గీ పిల్లకు" అని సత్యమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

17 ఏప్రిల్

యజ్ఞనారాయణ గారితో గంటసేపు వాదన. ఆయన పాతికేళ్లు లెక్కలు చెప్పి కంప్యూటర్లలోకి వచ్చిన మనిషి. బొమ్మలు బాగున్నాయని పుస్తకం కొనకూడదమ్మా అంటారు. ఎర్ర పుస్తకంలో ఉన్న గణితం వస్తే బొమ్మలు వాటంతట అవే వస్తాయట. లెక్క రావాలన్నా ముందు క్లాసులో కూర్చోవాలి కదా సార్ అన్నాను. చూద్దాం, ఇంకా టైముంది అన్నారు. ఆయన చూద్దాం అంటే కాదు అని.

20 ఏప్రిల్

అమూల్యకి నాలుగేళ్లు నిండాయి. నీలం గౌను. మా ఆయన భానుతేజ తన బ్యాంకులో ఎవరి దగ్గరో కెమెరా అడిగి తెచ్చాడు. రీలంతా దానికే.

4 మే

ఫొటోలు వచ్చాయి. ఫ్లాష్ పడి అందరి కళ్లూ ఎర్రగా వచ్చాయి. అమూల్యది మాత్రం కుడికన్ను ఎర్రగా, ఎడమకన్ను తెల్లగా. ఒక్క ఫొటోలో కాదు, ఎదురుగా చూసిన ప్రతిదాంట్లోనూ. ప్రింటు పాడుచేశాడని భానుతేజ మేడ్చల్‌లో స్టూడియోకి వెళ్లి అడిగాడు. స్టూడియో అతను నెగటివ్ లైటుకి ఎత్తి చూపించాడట. "ప్రింటు తప్పు గాదు సార్. రీల్లనే గట్ల ఉంది. ఒకపారి డాక్టర్‌కు సూపెట్టున్రి" అన్నాడట.

రేపు చూపిస్తాం. విటమిన్ ఏదో తక్కువై ఉంటుంది.

7 మే

ఇవాళ రాయలేను.

9 మే

రాస్తాను. రాయకపోతే లోపల అదే తిరుగుతోంది.

ఎడమకంట్లో కణితి. క్యాన్సర్. పసిపిల్లల కంట్లోనే వస్తుందట. మేడ్చల్ డాక్టరు బంజారాహిల్స్ పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ మత్తిచ్చి చూశారు. డాక్టరు మా కంటే చిన్నావిడే. తొందరపడకుండా అన్నీ చెప్పింది. కన్ను తీసేయాలి. తీసేస్తే ప్రాణానికి భయం ఉండకపోవచ్చు. కుడికన్ను శుభ్రంగా ఉంది.

భానుతేజ అడిగాడు, చూపు ఎలాగైనా మిగల్చలేరా అని. ఆవిడ అంది, ఆ కంటికి చూపు పోయి చాలా నెలలై ఉంటుంది, పాప ఇప్పటికే ఒక్క కంటితోనే చూస్తోంది, అలవాటు పడిపోయింది, మీకే తెలియలేదు అని.

మాకు ధైర్యం చెబుతున్నాననుకుని చెప్పింది.

10 మే

తల పక్కకి వాల్చడం షోకు కాదు.

15 మే

ఆపరేషన్ అయింది. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే అమూల్య నన్ను కాదు, సత్యమ్మని రమ్మని ఏడ్చింది. సత్యమ్మ తలుపు దాకా నడిచింది. "పో బిడ్డా, నేనీన్నే ఉంటా. ఏడికి వోను" అంది. బయటికి తెచ్చేదాకా ఆ తలుపు దగ్గరే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. మాట ఇచ్చిన అంది.

భానుతేజ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ అతనితో.

2 జూన్, సోమవారం

రిపోర్టు వచ్చింది. కణితి కన్ను దాటి పోలేదు. కంటి నరం శుభ్రంగా ఉంది. మందులు కూడా అక్కర్లేదట. కొన్నేళ్లు చెకప్‌లు మాత్రం తప్పవు.

ఇది మంచి వార్త. భానుతేజ బయటికొచ్చి పార్కింగ్‌లో స్కూటర్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నేను పక్కన నిలబడ్డాను. మంచి వార్తకి ఎలా ఉండాలో తెలియలేదు.

11 జూన్

సత్యమ్మ ఇవాళ నన్ను కోప్పడింది. మూడేళ్లలో మొదటిసారి. అమూల్య జగ్గులోంచి నీళ్లు గ్లాసు పక్కన పోసింది. నేను పరుగెత్తుకెళ్లి జగ్గు లాక్కుని, ఏడుస్తూ నేనే పోశాను. అది బిత్తరపోయి నన్నే చూస్తూ నిలబడింది.

"పిల్ల ముందట ఏడ్వకున్రి మేడం" అంది సత్యమ్మ. "గామె మంచిగనే ఉంది. మీరే పరేషాన్ జేస్తున్రు." తర్వాత అమూల్య చేతికి జగ్గు ఇచ్చి, జగ్గు మూతి గ్లాసు అంచుకి ఆనించి పోయమంది. ఆనించింది. పోసింది. చుక్క బయట పడలేదు. అది నా వైపు చూసింది, మెచ్చుకుంటానేమోనని. మెచ్చుకున్నాను. ఆలస్యంగా.

29 జూన్, ఆదివారం

భానుతేజే అన్నాడు, పిల్లని ఎక్కడికైనా తీసుకెళ్దామని. శామీర్‌పేట చెరువుకి వెళ్లాం. వానలు ఇంకా పట్టలేదు, నీళ్లు వెనక్కి పోయి ఉన్నాయి. దూరంగా ఒకతను తెప్ప మీద వల లాగుతున్నాడు. అమూల్య గట్టు మీద నిలబడి చాలాసేపు చూసింది. తల ఇటు వంచి, అటు వంచి.

"అమ్మా, ఆ మామయ్య చిన్నోడా, దూరంగా ఉన్నాడా?" అని అడిగింది.

దూరంగా ఉన్నాడని చెప్పాను. భానుతేజ మా వెనక నుంచి లేచి నీళ్ల దాకా నడుచుకుంటూ వెళ్లిపోయాడు. అమూల్య "నాన్న చిన్నోడైపోతున్నాడు" అని నవ్వింది.

తిరిగొచ్చేటప్పుడు స్కూటర్ మీద అతను మొదటిసారి చెప్పాడు. ఆ ఫొటోలన్నీ బ్యాంకులో, తన సొరుగులో పెట్టుకున్నాడట. పారేయలేక, ఇంట్లో ఉంచలేక.

8 జూలై

సెలవు ముగిసి మళ్లీ కాలేజీలో చేరాను. స్టాఫ్‌రూమ్‌లో అందరూ నన్ను చూడగానే గొంతు తగ్గిస్తున్నారు. టేబుల్ మీద రెండు పుస్తకాలూ అలాగే ఉన్నాయి, దుమ్ము పట్టి.

నీలం పుస్తకం తెరిచాను. పెన్సిల్ గీత. మనకు రెండు కళ్లున్నాయి కాబట్టే. ఆ గీత నేను గీసినప్పుడు అమూల్య నాకు పది అడుగుల దూరంలో ఒక్క కంటితో బంతి పట్టుకోవడానికి తంటాలు పడుతోంది. మూసేశాను.

10 జూలై

ఎర్ర పుస్తకం చదువుతున్నాను. వేరే దారి లేక.

ఇన్నేళ్లుగా ఇదే లెక్క బోర్డు మీద వేస్తున్నాను, ఒక్కసారీ ఆలోచించలేదు. బొమ్మ గీయాలంటే ముందు కన్ను ఎక్కడుందో చెప్పాలి. ఆ కన్ను ఒక బిందువు. ఒక్కటే. ప్రతి గీతా ఆ ఒక్క బిందువు దగ్గరికే వస్తుంది. దగ్గరిది దూరానిదాన్ని కప్పేయడం, దూరానిది చిన్నదవడం, నీడ ఎటు పడుతుందో తేలడం, అన్నీ ఆ ఒక్క కంటి నుంచే లెక్క. రెండో కన్ను ఊసే లేదు. లేదని బాధా లేదు. నాలుగు వందల పేజీల లోకం ఒక్క కంటికి పూర్తిగా కనిపిస్తుంది.

మధ్యాహ్నం అన్నం తినడం మర్చిపోయాను. ఇన్నాళ్లకి మర్చిపోవడానికి ఒక కారణం దొరికింది.

సోమవారం వెళ్లి హెచ్ఓడీ గారికి చెప్తాను, ఎర్ర పుస్తకమే కావాలని. ఆయన ఆశ్చర్యపోతారు.

14 జూలై, సోమవారం

చెప్పలేదు.

నేను గదిలోకి అడుగుపెట్టగానే యజ్ఞనారాయణ గారు లేచి నిలబడ్డారు. ఎప్పుడూ లేవరు. కూర్చోబెట్టి, అటెండర్ చేత టీ తెప్పించారు. పాప ఎలా ఉందమ్మా అని అడిగి, జవాబు వినకముందే కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. తర్వాత ఒక కాగితం నా వైపు జరిపారు. నీలం పుస్తకానికి ఆర్డరు. లైబ్రరీకీ, క్లాసుకీ. పోయిన వారమే సంతకం పెట్టి పంపేశారట.

"నువ్వు అంత ఇష్టపడ్డావు. ఈ ఒక్కటైనా నీ ఇష్టప్రకారం జరగాలనిపించింది" అన్నారు. లెక్కలు తాను విడిగా శనివారాలు వచ్చి చెబుతానన్నారు. ఇన్నేళ్లలో తన మాట తాను వెనక్కి తీసుకోవడం ఆయనకి ఇదే మొదటిసారేమో. ముఖం చిన్నపిల్లాడిలా ఉంది.

థాంక్యూ సార్ అన్నాను. టీ మొత్తం తాగాను.

బస్సులో ఏడుపు రాలేదు. ఆయన మీద కోపమూ రాలేదు. కోపం వస్తే బాగుండేది.

21 జూలై

పుస్తకాలు వచ్చాయి. అట్టపెట్టె విప్పితే కొత్త కాగితం వాసన.

28 జూలై

మొదటి క్లాసు.

ఆ వాక్యం దాటేసి రెండో అధ్యాయంతో మొదలుపెడదామనుకున్నాను. కానీ అందరి ముందూ అదే పేజీ తెరిచి ఉంది. చదివాను. గొంతు మామూలుగానే వచ్చింది. చదివాక ఏం చెయ్యాలో తెలియక, అందరూ ఒక కన్ను మూసుకుని కిటికీలోంచి చూడండి అన్నాను. బయట బస్సులు, వాటి వెనక వేపచెట్టు, దాని వెనక హైవే.

ఆఖరి బెంచీలోంచి సాయినాథ్ లేచాడు. గౌడవెల్లి నుంచి వస్తాడు, ఎప్పుడూ నోరు తెరవడు. "మేడం, ఒక్క కన్ను మూసినా గట్లనే కనబడ్తాంది. బస్సు ముంగట్నే ఉంది, సెట్టు ఎనకనే ఉంది. మరి పుస్తకం తప్పా?" అని అడిగాడు.

తప్పు కాదు, సగమే చెప్పింది అన్నాను. మిగతా సగం నేను చెప్పాను. బస్సు చెట్టుని కప్పుతోంది కాబట్టి ముందుంది. హైవే మీద లారీ అగ్గిపెట్టె అంత ఉంది కాబట్టి దూరంగా ఉంది. ఇప్పుడు తల అటూ ఇటూ కదపండి, దగ్గరివి ఎక్కువ జరుగుతాయి, దూరానివి తక్కువ జరుగుతాయి అన్నాను.

కదిపారు. క్లాసు మొత్తం, ఒక అరచెయ్యి కంటి మీద పెట్టుకుని, తలలు ఇటు వాల్చి, అటు వాల్చి. పెద్ద పెద్ద పిల్లలు. కొందరు నవ్వుతున్నారు. బోర్డు దగ్గర నిలబడి చూశాను, నా కూతురు అన్నన్ని తలలతో నా ముందు నిలబడి లోకం ఎంత దూరంలో ఉందో వెతుక్కుంటున్నట్టు. ఎవరూ నేర్పకుండా, ఎవరికీ చెప్పకుండా, నెలల తరబడి ఇది చేసింది. అడ్డొచ్చిన కుర్చీలకి అలవాటు పడింది, మెట్లకి అలవాటు పడింది, మేం నవ్విన నవ్వుకి కూడా.

రెండు నిమిషాల్లో వస్తానని చెప్పి బయటికి వెళ్లాను. రెండు నిమిషాల్లో వచ్చాను. తిరిగొచ్చేసరికి ఎవరూ గొడవ చెయ్యలేదు. కొందరు ఇంకా తలలు కదుపుతూనే ఉన్నారు.

17 ఆగస్టు, ఆదివారం

నిన్న కొత్త కన్ను పెట్టారు. రంగు సరిగ్గా కుదిరింది. కన్ను తయారుచేసే ఆయన అమూల్యని ఎదురుగా కూర్చోబెట్టుకుని, కుడికన్ను చూస్తూ సన్న కుంచెతో గీశాడు. వెలుతురు పడే చోటు కూడా.

సత్యమ్మ ఇవాళ పొద్దున వచ్చి దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. "మస్తున్నవ్ బిడ్డా" అంది. తర్వాత వంటింట్లోకి పోయి, చాలాసేపు గిన్నెల చప్పుడు చేసింది. తోమిన గిన్నెలే మళ్లీ తోమింది.

భానుతేజ ఎదురుగా నిలబెట్టి ఫొటో తీస్తానన్నాడు. వద్దన్నాను. తర్వాత తియ్యమన్నాను.

31 ఆగస్టు

పొద్దున అమూల్య కన్ను తీసి సింక్‌లో కడుగుతున్నాను. అది స్టూలెక్కి పక్కనే నిలబడి నా ముఖంలోకి చూసింది.

"అమ్మా, నువ్వు నీది ఎప్పుడు కడుక్కుంటావు?"

నువ్వు నిద్రపోయాక అన్నాను.