మామయ్య ఫ్రంటల్ లోబ్

విశాఖపట్నం,
4-8-1959

పూజ్యులైన మామయ్య వరాహనరసింహంగారికి, తల పనిచేయని మేనల్లుడు భావనారాయణ నమస్కారాలు.

పొట్టంగి డిస్పెన్సరీకి సెలవు పెట్టి మానసిక వైద్యం చదవడానికి వచ్చానా, జబ్బుల పేర్లన్నీ వచ్చాయి గాని, మెదడులో ఏ భాగం ఎక్కడుందో మాత్రం బుర్రకెక్కడం లేదు. రెండుసార్లు తప్పాను. ఈసారీ తప్పితే తిరిగి పొట్టంగి వెళ్ళి వచ్చినవాళ్ళ గజ్జికి మందు పూస్తూ కూచోవడమే. ఒక్క ఫ్రంటల్ లోబ్ మాత్రం పట్టుబడింది. అది నుదుటి వెనకే ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే ఎంత పెద్దమనిషైనా నోటి మీద అదుపు పోయి, మనసులో మాట మొహం మీదే అనేస్తాడు.

విధేయుడు,
భావన

తా.క. చదివింది మరిచిపోకూడదని మీకు రాశాను. మీరు మరిచిపోవచ్చు.

బిస్సమ్ కటక్,
11-8-1959

చిరంజీవి భావనకి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం దేవుడే రాయించినట్టుంది. పది రోజుల కిందట పెరటి గుమ్మం నా తలకి ఠంగుమని తగిలింది. నిన్న షావుకారు సింహాచలంతో, "నీ నేతిలో నెయ్యి తప్ప అన్నీ ఉన్నాయి" అనేశాను. "ఏటండి బాబూ, ముప్ఫై ఏళ్ళు తిన్నారు, ఒక్కనాడూ సెప్పలేదేటి?" అన్నాడు. నిజమే. జమీందారు ఎస్టేటు కచేరీలో కొలువు చేసిన ముప్ఫై ఏళ్ళూ "చిత్తం" తప్ప ఇంకో మాట ఎరగని నోరు నాది. ఇది జబ్బేనని ఒక కాగితం రాసి పంపు.

ఆశీర్వదిస్తూ,
మామయ్య

తా.క. తొందరేం లేదు. తగ్గే సూచనలు కనిపించడం లేదు.

విశాఖపట్నం,
18-8-1959

మా వంశానికి దొరికిన ఏకైక కేసు మామయ్యగారికి నమస్కారాలు.

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు మన ఇంట్లోనే దొరికింది. సర్టిఫికెట్టు జతచేశాను. మిమ్మల్నే కేసుగా రాసి పరీక్షకి ఇచ్చేస్తున్నాను. ఎవరెవరిని ఏమేం అన్నారో తేదీలతో సహా రాయండి.

కృతజ్ఞుడు,
భావన

తా.క. దయచేసి ఏ మందూ వాడకండి. మీకు నయమైతే నా గతేం కాను?

బిస్సమ్ కటక్,
27-8-1959

కాబోయే పెద్ద డాక్టరుకి ఆశీస్సులు.

సర్టిఫికెట్టుకి అద్దం కట్టించి వీధరుగు మీద గోడకి తగిలించాను. మా పాత మేనేజరు మల్లేశ్వరరావుగారు తాను రాసిన శతకం వినిపించడానికి వచ్చారు. ఇరవయ్యో పద్యం దగ్గర, "తమరు మేనేజరుగా ఉన్నన్నాళ్ళూ బాగుందన్నాను. ఇప్పుడు ఎస్టేటూ లేదు, ఆ అవసరమూ లేదు" అన్నాను. ఆయన మండిపడి లేచి, గోడ మీద కాగితం చదివి, "పాపం, ఎలాటి మనిషి ఎలాగైపోయేడో" అని నా భుజం తట్టి వెళ్ళారు. ఇది చూసి మీ అత్తయ్య నుదురు మెల్లిగా గోడకి ఆనించి, "ఇదిగో, నాకూ తగిలీసింది" అంది. పెళ్ళయిన నాటి నుంచి దాచుకున్నవన్నీ చెప్పింది. నాలుగు పూటలు పట్టింది.

ఇట్లు,
నీ కేసు

తా.క. మీ అత్తయ్య కమలాంబకి మాత్రం సర్టిఫికెట్టు పంపకు.

విశాఖపట్నం,
5-9-1959

మామయ్యగారి పాదాలకి, అంతకన్నా ఎక్కువగా నుదుటికి నమస్కారాలు.

కేసు చూసి మా ప్రొఫెసరుగారు ముచ్చటపడ్డారు. ఇరవయ్యో తేదీన పరీక్షలో మిమ్మల్నే నిలబెట్టి చూపించమన్నారు. మునిగుడలో రైలెక్కి తప్పకుండా రండి. నేను గట్టెక్కడం ఇప్పుడు పూర్తిగా మీ చేతిలో ఉంది.

మీ ఆశతోనే ఉన్న,
భావన

తా.క. పరీక్షాధికారుల్ని రెండు మాటలు అనండి. మీరు మొహమాటపడితే నేను తప్పుతాను.

బిస్సమ్ కటక్,
12-9-1959

నాయనా భావనా,

నేను రాలేను. దెబ్బ తగిలింది నుదుటికి కాదు, తల వెనక. తగిలిందన్నాను గాని, ఎక్కడని నువ్వు ఒక్క ఉత్తరంలోనైనా అడిగావా? కనబడ్డవాడికల్లా ముప్ఫై ఏళ్ళు వంగి దణ్ణాలు పెట్టినవాణ్ణి, గుమ్మంలోనూ వంగే వెళతాను. లేచేటప్పుడు తగిలేది వెనకేరా. వంగినవాడి నుదుటికి ఏ గుమ్మమూ తగలదు. నీ ఉత్తరం చదివాక నాకొక సాకు దొరికింది, అంతే. మింగిన మాటలు ముప్ఫై ఏళ్ళకి అజీర్తి చేశాయి. నీ పరీక్ష దాకా వస్తుందనుకోలేదు. సిగ్గుగా ఉంది.

క్షమించమని అడుగుతూ,
మామయ్య

తా.క. దొంగకేసుతో నువ్వు చిక్కుల్లో పడకూడదని సంగతంతా ప్రొఫెసరుగారికి నేనే రాసేశాను. మావాడికి మెదడు భాగాలు నిజంగానే రావని కూడా రాశాను. ఏం చెయ్యను, నా నోటికి అదుపు లేదని సర్టిఫికెట్టు ఇచ్చింది నువ్వే.